బిల్లుల్లేని ఖర్చులకు ఇప్పుడు వోచర్లు రాయొచ్చా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు క్యాటరింగ్ చేస్తున్నాం. 2022-23లో టర్నోవర్ కోటీ 15 లక్షలు. 2023-24లో కోటీ 40 లక్షలు వచ్చింది. ఆడిట్ చేయించి 6 లక్షల లాభం చూపించి రిటర్న్ వేశాం. ఇప్పుడు ఆదాయపు పన్ను శాఖ నుంచి స్క్రూటినీ, అంటే రిటర్న్‌పై వివరమైన తనిఖీ పడింది. కూరగాయలకు చూపిన 21 లక్షలకు, లేబర్‌కు చూపిన 29 లక్షలకు ఆధారాలు పెట్టమని 142(1) నోటీసు వచ్చింది. గడువు పదిహేను రోజులే. కూరగాయలు రైతుల దగ్గర, మార్కెట్లో క్యాష్ ఇచ్చి కొంటాం. బిల్లు ఎవరిస్తారండీ? వంటవాళ్లకు, వడ్డన కుర్రాళ్లకు పని అయిన రాత్రే చేతిలో పెట్టేస్తాం. మా అకౌంటెంట్ ‘పాత తేదీలతో వోచర్లు (డబ్బు ముట్టినట్టు చీటీలు) రాసి సంతకాలు పెట్టిద్దాం, అందరూ చేసేదే’ అంటున్నాడు. లేదా ఈ ఖర్చుల్లో ఇరవై శాతానికి ఆధారం లేదని ఒప్పేసుకుంటే వదిలేస్తారట. నాకైతే నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు వోచర్ల సంగతి తేల్చేద్దాం. రాయొద్దు. ఒక్కటి కూడా.

ఎందుకో లెక్క వేసి చూడండి. మీ అకౌంటెంట్ చెప్పిన ఇరవై శాతమే అధికారి ఖర్చుగా ఒప్పుకోకుండా కొట్టేశారనుకుందాం. 50 లక్షల్లో 10 లక్షలు. మీ ఆదాయం 6 లక్షల నుంచి 16 లక్షలు అవుతుంది. మీకు వేరే ఆదాయం లేదనుకుంటే, కొత్త పన్ను విధానంలో దాని మీద పన్ను, సెస్‌తో కలిపి సుమారు లక్షా 87 వేలు. దానికి నెలకు ఒక శాతం చొప్పున వడ్డీ. బాధే, కానీ తట్టుకోగలిగిన బాధ. అదే దొంగ వోచర్లు పెట్టి దొరికితే అది ‘మిస్‌రిపోర్టింగ్’ (తప్పుడు లెక్క చూపడం) కిందికి పోతుంది. సెక్షన్ 270ఏ ప్రకారం పన్ను మీద 200 శాతం పెనాల్టీ, అంటే దాదాపు మూడు లక్షల 74 వేలు. అక్కడితో ఆగదు. 2020 ఏప్రిల్ నుంచి సెక్షన్ 271ఏఏడీ ఉంది. లెక్కల్లో తప్పుడు ఎంట్రీ ఉన్నా, దొంగ కాగితాన్ని ఆధారంగా వాడినా, ఆ ఎంట్రీ మొత్తం ఎంతో అంతా పెనాల్టీగా వేయొచ్చు. 20 లక్షలకు వోచర్లు రాస్తే 20 లక్షలు! ఇంకో మాట మీ అకౌంటెంట్‌కు కూడా చెప్పండి. అదే సెక్షన్‌లో, ఆ తప్పుడు ఎంట్రీ చేయించినవాళ్లకూ అంతే పెనాల్టీ ఉంది. ఆ ముక్క విన్నాక ‘అందరూ చేసేదే’ అనడం ఆయనే మానేస్తారు.

దొరకం అనుకుంటారేమో. ఒకే రోజు, ఒకే పెన్నుతో, ఒకే పుస్తకంలో రాసిన రెండొందల వోచర్లను గుర్తుపట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పైగా సెక్షన్ 133(6) కింద అధికారి మీ దగ్గర డబ్బు తీసుకున్నవాళ్లకే ఉత్తరం రాసి అడగొచ్చు. ఇంకా తమాషా ఏమిటంటే, తర్వాత కూర్చుని రాసేవాళ్లు ఖర్చును నెలనెలా సమానంగా పంచేస్తారు. పెళ్లిళ్ల వ్యాపారం అలా నడవదు. 2023లో ఆషాఢం తర్వాత అధిక శ్రావణం వచ్చింది. జూన్ మూడో వారం నుంచి ఆగస్టు నడిమి దాకా పెళ్లి ముహూర్తాలే లేవు. ఆ రెండు నెలల్లో వడ్డన కుర్రాళ్లకు రెండేసి లక్షలు ఇచ్చినట్టు వోచరు రాస్తే, పంచాంగమే మీకు ఎదురు సాక్ష్యం చెబుతుంది.

రెండోది గడువు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ‘పెండింగ్ యాక్షన్స్’లోకి వెళ్లి ‘ఈ-ప్రొసీడింగ్స్’ తెరవండి. మీ నోటీసు దగ్గరే వాయిదా కోరే వీలుంటుంది. గడువు దాటాక కాదు, దాటకముందే అడగండి. కారణం ఉన్నదున్నట్టు రాయండి: లెక్కలు ఆర్డర్ల వారీగా తయారు చేస్తున్నాం, ఇన్ని రోజులు కావాలి అని. మీ 2023-24 ఆదాయాన్ని లెక్క తేల్చే 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరానికి ఆర్డరు 2026 మార్చి 31 లోగా ఇచ్చేయాలి కాబట్టి వాళ్లకూ తొందర ఉంటుంది. నెలలు అడిగితే ఇవ్వరు. జవాబే ఇవ్వకుండా ఊరుకుంటే మాత్రం నోటీసుకు 10 వేల పెనాల్టీ పడొచ్చు. అంతకంటే నష్టం, సెక్షన్ 144 కింద అధికారి తన అంచనాతోనే ఆర్డరు రాసేయొచ్చు.

ఇప్పుడు అసలు పని. ఖర్చు జరిగిందని, అది వ్యాపారానికే జరిగిందని చూపించాల్సింది మీరే. ఇందులో వాదన లేదు. కానీ ఆధారం అంటే బిల్లు ఒక్కటే అని చట్టం ఎక్కడా అనలేదు. పెళ్లి భోజనం పెట్టారంటే కూరగాయలు కొన్నారనీ, మనుషులు పనిచేశారనీ అధికారికీ తెలుసు. ఆయన అడిగేది ‘ఎంత?’ అని. ఆ ‘ఎంత’కు మీ దగ్గర ఇప్పటికే ఉన్న, అప్పట్లోనే పుట్టిన గుర్తులు చాలా ఉంటాయి. వాటిని ఒక చోటికి తేవడమే మీ జవాబు.

మీ ఆర్డర్ల డైరీతో మొదలుపెట్టండి. అది లేని క్యాటరర్ ఉండరు. ఏ తేదీ, ఏ హాలు, ఎన్ని ప్లేట్లు, ప్లేటు ఎంత, అడ్వాన్స్ ఎంత. ఆ ఏడాది మొత్తం ఆర్డర్లను ఒక ఎక్సెల్ షీట్‌లో ఎక్కించండి. ముందుగా ఆ మొత్తం రిటర్న్‌లో చూపిన కోటీ 40 లక్షలతో, జీఎస్టీ రిటర్నుల్లో చూపిన టర్నోవర్‌తో కలుస్తోందో లేదో చూసుకోండి. కలవకపోతే కూరగాయల కంటే పెద్ద ప్రశ్న అక్కడ లేస్తుంది. కాబట్టి తేడా ఎందుకొచ్చిందో మీకు ముందే తెలిసుండాలి.

తర్వాత ఒక్కో ఆర్డరు పక్కన ఆ రోజు గుర్తులు చేర్చుకుంటూ పోండి. ముందు రోజు బ్యాంకు నుంచి తీసిన క్యాష్, ఫోన్‌పే, గూగుల్‌పే చెల్లింపులు, పార్టీ వాట్సాప్‌లో పంపిన మెనూ, వ్యాను కిరాయి, వంటసామాను అద్దె చీటీ. కమర్షియల్ గ్యాస్ బిల్లులు చాలా పనికొస్తాయి. 19 కిలోల సిలిండర్లకు ఏజెన్సీ బిల్లులు ఉంటాయి, ఎవరూ కాదనలేరు. ఏ వారం ఎన్ని సిలిండర్లు కాలాయో చూస్తే ఏ వారం ఎంత వంట జరిగిందో తెలిసిపోతుంది. బియ్యం, నూనె, కిరాణా బిల్లులూ అంతే. అవి పెరిగిన వారమే కూరగాయల ఖర్చు, లేబర్ ఖర్చు కూడా పెరిగితే మీ లెక్క నిజమని అంకెలే చెబుతాయి.

ఫేస్‌లెస్ (ముఖాముఖి లేకుండా ఆన్‌లైన్‌లో నడిచే) విధానం కాబట్టి మీ ఫైలు చూసే అధికారి ఏ రాష్ట్రంలోనైనా ఉండొచ్చు. ఆయనకు మన ముహూర్తాలు, మన మూఢాలు తెలియాలని లేదు. నెలవారీ పట్టిక ఒకటి పెట్టి, ఏ నెలలో ఎందుకు పెరిగింది, ఎందుకు పడిపోయింది, నాలుగు వాక్యాల్లో రాయండి. 2023 జులైలో టమాటా కిలో వంద దాటిపోయింది గుర్తుందా? ఆ నెలలో చేసిన చిన్నా చితకా ఫంక్షన్లలో ప్లేటుకు కూరగాయల ఖర్చు ఎక్కువ పడి ఉంటుంది. అదీ రాయండి. ప్లేటుకు సగటున కూరగాయలు ఎంత, లేబర్ ఎంత, అంతకుముందు రెండేళ్లలో ఎంత అన్న పోలిక కూడా జత చేయండి. ప్లేటుకు అయిదో పదో రూపాయల తేడాతో మూడేళ్లూ నడిచి ఉంటే, ఒక్క ఈ ఏడాదే ఖర్చు పెంచి చూపారు అనడం కష్టం.

కూరగాయల 21 లక్షలను రెండు కుప్పలుగా విడదీయండి: రైతు దగ్గర నేరుగా కొన్నది, వ్యాపారి దగ్గర కొన్నది. ఈ తేడా చాలా ముఖ్యం. ఒక మనిషికి ఒక రోజులో 10 వేలు మించి క్యాష్ ఇస్తే, సెక్షన్ 40ఏ(3) ప్రకారం ఆ చెల్లింపు మొత్తం కొట్టేస్తారు. పైన ఉన్న వెయ్యో రెండు వేలో కాదు, మొత్తం. 2017 మార్చి వరకు ఈ పరిమితి 20 వేలు ఉండేది, ఆ తర్వాత సగమైంది. లారీ, వ్యాను లాంటి సరుకు రవాణాకు మాత్రం 35 వేలు. అయితే రూల్ 6డీడీలో మినహాయింపులు ఉన్నాయి. పంట పండించిన రైతుకే ఇచ్చిన డబ్బుకు ఈ పరిమితి వర్తించదు. పాలు, కోళ్లు, చేపలు ఉత్పత్తి చేసినవాళ్లకు ఇచ్చినా అంతే. మధ్యలో ఉన్న వ్యాపారికి ఇస్తే మాత్రం మినహాయింపు లేదు. అందుకే మీకు వాడుకగా సరుకు ఇచ్చే రైతుల దగ్గర ధ్రువీకరణ లేఖలు తీసుకోండి. రైతు బజారులో అమ్మేవాళ్లకు గుర్తింపు కార్డు ఉంటుంది, దాని నకలు, ఆధార్ నకలు జత చేస్తే బలం.

ఇక్కడొక అనుమానం వస్తుంది: ఇప్పుడు లేఖ తీసుకోవడం, ఇప్పుడు వోచరు రాయడం రెండూ ఒకటే కదా అని. కాదు. ‘2023-24లో ఈయనకు సుమారు ఇంత సరుకు ఇచ్చాను, డబ్బు ముట్టింది’ అని ఈ రోజు తేదీ వేసి ఇచ్చే లేఖ నిజమైన కాగితం. రెండేళ్ల కిందటి తేదీ వేసి ఈ రోజు రాసేది దొంగ కాగితం. లేఖలో అంకె ఆయనకు గుర్తున్నంతే ఉండాలి, మీకు కావలసినంత కాదు. అధికారి రేపు ఆయన్నే అడిగితే అదే చెప్పగలగాలి.

పది వేలు దాటిన క్యాష్ చెల్లింపులు వ్యాపారులకు ఇచ్చినవి ఉంటే దాచకండి. నిజంగా కొన్నాం కదా అంటే సరిపోదు. ఈ సెక్షన్ చెల్లుతుందని సుప్రీంకోర్టు 1991లోనే అత్తర్ సింగ్ గురుముఖ్ సింగ్ కేసులో తేల్చింది. మీ ఆడిట్ రిపోర్టు ఫారం 3సీడీ తీసి, 21వ క్లాజులో ఈ చెల్లింపుల గురించి మీ ఆడిటర్ ఏం రాశారో చదవండి. అక్కడ ‘లేవు’ అని ఉండి, ఇప్పుడు మీరు పంపే పట్టికలో అవి కనిపిస్తే, అధికారి మొదట పట్టుకునేది అదే. ఆడిటర్‌తో కూర్చుని, జవాబు వేసేముందే ఆ వైరుధ్యాన్ని వివరించే పేరా సిద్ధం చేసుకోండి.

లేబర్ 29 లక్షల దగ్గర అసలు చిక్కు డబ్బు ఎవరి చేతికి ఇచ్చారన్నది. వడ్డన కుర్రాడికి రాత్రికి ఎనిమిది వందలో వెయ్యో ఇస్తే అది పది వేల లోపే, ఏ ఇబ్బందీ లేదు. కానీ చాలామంది చేసేది, వంట మాస్టర్ చేతిలో 60 వేలు పెట్టి ‘అందరికీ ఇచ్చెయ్’ అనడం. మాస్టర్ మీ తరఫున పంచిపెట్టిన మనిషి మాత్రమే అయితే రూల్ 6డీడీలో దానికీ మినహాయింపు ఉంది. మీ పని మీద మీ బదులు క్యాష్ చెల్లించాల్సిన ఏజెంటుకు ఇచ్చింది కింద వస్తుంది. అలా కాక మాస్టర్‌తో ‘మనుషులను నువ్వే తెచ్చుకో, ప్లేటుకు ఇంత’ అని మాట్లాడుకుని ఉంటే ఆయన కాంట్రాక్టరు అవుతాడు. అప్పుడు క్యాష్ పరిమితీ వర్తిస్తుంది, టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పన్ను పట్టుకోవడం) ప్రశ్నా వస్తుంది. మీ ముందటి ఏడాది టర్నోవర్ కోటి దాటింది కాబట్టి 2023-24లో మీరు సెక్షన్ 194సీ కింద టీడీఎస్ పట్టాల్సినవాళ్లే. ఒక్కసారి 30 వేలు గానీ, ఏడాది మొత్తం లక్ష గానీ దాటితే పట్టాలి. పట్టకపోతే ఆ ఖర్చులో 30 శాతం కొట్టేస్తారు. స్వీట్ల మాస్టరుకో, డెకరేషన్ వాళ్లకో సబ్ కాంట్రాక్ట్ ఇచ్చి ఉంటే అవి కూడా ఇందులోకే వస్తాయి. వాళ్లు ఆ డబ్బు చూపించి రిటర్న్ వేసి, పన్ను కట్టి ఉంటే మాత్రం దారి ఉంది. సీఏ సర్టిఫికెట్‌తో ఫారం 26ఏ దాఖలు చేస్తే ఆ 30 శాతం కోత తప్పుతుంది.

మాస్టర్ దగ్గర చిన్న నోటుబుక్ తప్పకుండా ఉంటుంది. ఎవరు వచ్చారు, ఎవరికి ఎంత ఇచ్చాడు, ఎవరికి బాకీ అని పెన్సిల్‌తో గీసుకున్నదైనా సరే. నూనె మరకలతో ఉన్నా సరే. దాన్ని అలాగే స్కాన్ చేసి పెట్టండి, తిరగరాయొద్దు. ఆ పుస్తకం అప్పటిదని చూస్తేనే తెలుస్తుంది. ఇలాంటి కేసుల్లో శుభ్రంగా టైపు చేసిన రిజిస్టరు కంటే దానికే విలువ ఎక్కువని నా నమ్మకం.

క్యాష్‌బుక్ విషయంలో ఒకటి చూసుకోండి. ఏ రోజూ చేతిలో ఉన్న క్యాష్ మైనస్‌లోకి పోకూడదు. ఖర్చు పెట్టిన డబ్బు బ్యాంకు నుంచి తీసిందో, పార్టీ ఇచ్చిన అడ్వాన్సో అని కనిపించాలి. అది కనిపిస్తే మిగిలే తగాదా ఖర్చుకు ఆధారం సరిపోయిందా లేదా అన్నదే. డబ్బు ఎక్కడిదో చెప్పలేకపోతే సెక్షన్ 69సీ వస్తుంది. దాని మీద పన్ను సర్‌ఛార్జి, సెస్‌తో కలిపి 78 శాతం. ఎంత కష్టమైనా ఆ గుమ్మం తొక్కకూడదు.

ఇరవై శాతం ఒప్పుకోవాలా అన్నారు. ఇప్పుడే వద్దు. మీ అంతట మీరు అంకె చెబితే అదే నేల అవుతుంది, బేరం అక్కణ్నుంచి పైకే. ఆర్డర్లవారీ పట్టిక ముందు పెట్టండి. ఆధారం నిజంగానే దొరకని భాగం ఎంతో మీకే తెలుస్తుంది. ఆ భాగం గురించి నిజాయితీగా ఒప్పుకోవచ్చు. ఇంత అని కొట్టేయబోతున్నట్టు షోకాజ్ నోటీసు వస్తే, జవాబుతో పాటు వీడియో కాన్ఫరెన్స్ ద్వారా విచారణ కోరండి. అది అడిగే హక్కు మీకుంది, చాలామంది వాడుకోరు. ఒకవేళ మీ పుస్తకాలు నమ్మదగినవి కావని తిరస్కరించి, టర్నోవర్ మీద ఇంత శాతం అని లాభం అంచనా వేస్తే, దాని మీద మళ్లీ విడివిడిగా ఖర్చులు కలపడం సరికాదు. ఇండ్‌వెల్ కన్‌స్ట్రక్షన్స్ కేసులో 1998లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, అంచనాలోనే అన్నీ కలిసిపోయినట్టు చూడాలని చెప్పింది. మీ సీఏకు ఈ పేరు గుర్తు చేయండి.

ఆర్డరు వచ్చాక రెండు దారులు. పన్ను, వడ్డీ కట్టేసి, అప్పీలుకు వెళ్లకుండా, ఫారం 68లో పెనాల్టీ మినహాయింపు కోరవచ్చు. ఆర్డరు అందిన నెల చివరి నుంచి ఒక నెలలోపు వేయాలి. ‘మిస్‌రిపోర్టింగ్’ అని పెనాల్టీ మొదలుపెడితే ఈ సౌకర్యం ఉండదు. వోచర్లు వద్దనడానికి ఇదొక కారణం. రెండోది, 30 రోజుల్లో ఫారం 35తో అప్పీలు. ఫీజు మీకు వెయ్యి రూపాయలే. మామూలుగా డిమాండులో 20 శాతం కడితే మిగతా వసూలు ఆపుతారు. అయితే ఒకటి మరవొద్దు. అసెస్‌మెంట్‌లో పెట్టని కాగితాన్ని అప్పీల్లో కొత్తగా పెట్టాలంటే రూల్ 46ఏ అడ్డం వస్తుంది. అప్పుడెందుకు పెట్టలేదో సరైన కారణం చూపాలి. కాబట్టి ఉన్నదంతా ఇప్పుడే అప్‌లోడ్ చేయండి. ప్రతి ఫైలుకూ పేరు, వరస నంబరు ఇవ్వండి. రసీదు దాచుకోండి.

ఇకనుంచి ఏం చేయాలో కూడా చెప్పేస్తాను. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 వచ్చింది. సెక్షన్ నంబర్లు మారతాయి, మీ 2023-24 కేసు మాత్రం పాత 1961 చట్టం కిందే నడుస్తుంది. అలవాట్లు ఏ చట్టానికైనా ఒకటే. కుర్రాళ్లకు వీలైనంత వరకు యూపీఐలో పంపండి. యూపీఐ చట్టం ఒప్పుకున్న పద్ధతే, పది వేల తలనొప్పి ఉండదు. ఫోన్‌పే లేనివాళ్లకు ఆ రాత్రే మస్టర్‌లో (హాజరు పట్టీలో) పేరు, ఊరు, ఫోన్ నంబరు, మొత్తం, సంతకం. రైతు దగ్గర కొన్నప్పుడు బిల్లు లేకపోతే మీరే చీటీ రాయండి, అప్పటికప్పుడే, ఆ రోజు తేదీతోనే. రైతు పేరు, ఊరు, సరుకు, బరువు, ధర, వేలిముద్రో సంతకమో. సొంత వోచరు తప్పేమీ కాదు, అది రాసిన రోజే ముఖ్యం. ఫొటో తీసి ఆర్డరు పేరుతో ఫోల్డర్‌లో వేయండి. జీఎస్టీ చట్టం వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు రికార్డులు ఉంచమంటుంది. ఆదాయపు పన్నులో పెద్ద మొత్తాలైతే అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక అయిదేళ్ల మూడు నెలల వరకు తిరగతోడొచ్చు. ఏడేళ్లు దాచండి, బీరువాలో ఒక అర ఖాళీ చేస్తే చాలు.

ఇదంతా తలకాయ నొప్పి అనిపిస్తే సెక్షన్ 44ఏడీ (ఇది పాత చట్టం నంబరు) ఉంది. టర్నోవర్ 2 కోట్ల లోపు (వసూళ్లలో క్యాష్ 5 శాతం మించకపోతే 3 కోట్ల లోపు) ఉన్నవాళ్లు క్యాష్‌గా వచ్చినదాని మీద 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద 6 శాతం లాభం చూపితే ఖర్చులకు ఆధారాల గొడవే రాదు. కోటీ 40 లక్షల మీద అది 8 లక్షల 40 వేలకు, 11 లక్షల 20 వేలకు మధ్య పడుతుంది. మీరు చూపింది 6 లక్షలు. ఆ తేడా మీద పన్ను ఎంతో, ప్రతి ఏడూ పుస్తకాలకు, ఆడిట్‌కు అయ్యే ఖర్చెంతో పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఒకసారి అందులోకి వెళ్లి అయిదేళ్లు పూర్తికాకుండా బయటికొస్తే, ఆ తర్వాత అయిదేళ్లు మళ్లీ రానివ్వరు. ఏటా లాభం అటూ ఇటూ ఊగే వ్యాపారం కాబట్టి, గత మూడేళ్ల అంకెలు మీ సీఏ ముందు పెట్టాకే నిర్ణయం తీసుకోండి.